నాలుగు వేళ్ల మడత

ఇలాంటివి రిటైరైనవాళ్లు రాస్తారు. నాకు ముప్పై మూడేళ్లు. రాసిన పరీక్షల్లో ఒకటి తగిలి, ఖాకీ బట్టలు స్టోర్‌లో అప్పజెప్పి, విద్యుత్ శాఖలో సబ్ ఇంజినీర్‌గా చేరాను. ఇప్పుడు నా గొడవంతా ట్రాన్స్‌ఫార్మర్లతో. అయినా ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్ ఉద్యోగం వరకు నేను రిటైరైనవాణ్నే. మళ్లీ ఆ బూట్లు వేసుకునే పని లేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాయొచ్చు. వయసు ముదరలేదు కాబట్టి ఇంకా ఏదీ మరచిపోలేదు.

రాయడానికి కారణం మా లింగాల ఘనపూర్ మండలం పిల్లలు. ఈసారి ఏఆర్‌కు ఎంపికైన ముగ్గురు జనగామలో నా గదికి వచ్చారు.

"అన్నా, లోపల ఎట్లుంటది? ట్రైనింగ్ అయినంక మమ్ముల కేసుల మీద పంపుతరా?" అన్నాడు ఒకడు.

"లేదు తమ్మీ. నిలవెడ్తరు."

"యాడ?"

"యాడ నిలవెడ్తే ఆడ."

ముగ్గురూ నవ్వారు. నేను జోకు వేయలేదు.

స్టేషన్ పోలీసు వేరు, ఏఆర్ వేరు. దొంగను పట్టేది, కేసు రాసేది స్టేషన్ వాళ్లు. ఏఆర్ వాళ్లం జిల్లా హెడ్‌క్వార్టర్‌లో ఉంటాం. ఖైదీలను కోర్టుకు తీసుకుపోతాం, గార్డు కాస్తాం, జాతరలకు, ఎన్నికలకు బందోబస్తుకు పోతాం. ఇవి కాక ఇంకో పని ఉంది. లాంఛనాల పని. మంత్రి వస్తే గౌరవ వందనం. ఆగస్టు పదిహేనుకు, జనవరి ఇరవై ఆరుకు కవాతు. అమరవీరుల దినం నాడు తుపాకులు తలకిందులుగా పట్టి నిలబడటం. మనవాడు ఎవడైనా పోతే వాడి ఊరికి పోయి గాల్లోకి కాల్పులు. నా సర్వీసు ఎక్కువగా ఈ పనిలోనే గడిచింది. ఇష్టంగానే గడిచింది. దాని గురించే రాస్తున్నాను. ప్రమోషన్లు, టీఏ బిల్లులు, బదిలీల సంగతి మీకు బ్యారక్‌లో పక్క మంచం వాడు చెప్తాడు.

మడిమ వెనక

మాకు డ్రిల్లు నేర్పింది హెడ్ కానిస్టేబుల్ యాకయ్య. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయనదీ మా మండలమే, మా పక్క ఊరే. ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా కలిసిరానివ్వలేదు. సన్నటి మనిషి. గొంతు మాత్రం గ్రౌండ్ ఆ చివర నిలబడ్డవాడి వెన్ను సరిచేసేది. కమాండ్లన్నీ హిందీలో, తిట్లన్నీ తెలుగులో.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివాను. నాకు కొలతల పిచ్చి. చేరిన కొత్తలో డ్రెస్ గురించి చెప్పింది చెప్పినట్టు వరస పెట్టి గుర్తుంచుకున్నాను. చొక్కాకు గంజి పల్చగా, ప్యాంటుకు కాస్త చిక్కగా. తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ. చేతి మీద ఒకే గీత. రెండు గీతలు పడితే మళ్లీ తడిపి మొదటి నుంచి. బెల్టు బకిల్ చొక్కా గుండీల వరసకు సూటిగా. ఈల తాడు మెలి పడకూడదు. బూటుకు మొదటి పూత బ్రష్‌తో, రెండోది గుడ్డతో, రెండు చుక్కల నీళ్లు వేసి గుండ్రంగా, ఓపిగ్గా.

ఇవన్నీ చేసి మొదటి ఇన్‌స్పెక్షన్‌కు నిలబడ్డాను. ఉస్తాద్ నా ముందు ఆగలేదు. చుట్టూ తిరిగి వెనక్కి పోయాడు.

"ఏం ఇంజినీర్ సాబ్, ముందట అద్దం లెక్క మెరుస్తున్నవ్. ఎనక ఎవడు తుడ్వాలె? మీ మామ తుడుస్తడా?"

బూటు మడిమ వెనక ఎర్రమట్టి ఉంది. నాకు అప్పటికి పెళ్లి కాలేదు, మామ లేడు. ఆ మాట అనకుండా ఆపుకున్నాను. బాగా ఉపయోగపడిన నిర్ణయాల్లో అదొకటి.

"ముందట అందరు తుడుస్తరు," అన్నాడు వరసంతా వినేలా. "మడ్మ ఎనక తుడిసెటోడే పోలీసు."

ఆయనకు ఇంకో సూత్రం ఉండేది. దాన్ని మొదట్లో నేను ఒప్పుకోలేదు: "ఒక్కడు తప్పితే తప్పు. అందరు ఒక్కతీరుగ తప్పితే అది డ్రెస్సు." తప్పు తప్పే కదా, పదిమంది చేస్తే ఒప్పెట్లా అవుతుందని నా లెక్క. ఆ లెక్క భూపాలపల్లిలో మారింది.

తెల్ల తొడుగులు

అప్పుడు మేం భూపాలపల్లిలో ఉన్నాం. బొగ్గు ఊరు. మా క్వార్టర్ల పక్కనే లారీల రోడ్డు. దండెం మీద ఆరేసిన ఏ బట్టయినా సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేది. ఒక మంత్రిగారు వస్తున్నారు, గౌరవ వందనం. దానికి తెల్ల చేతి తొడుగులు వేసుకోవాలి. అందరం తొడుగులు ఉతికి ముందు రోజు ఆరేశాం. ఆ రోజు గాలి ఎక్కువ. తెల్లారి చూస్తే అన్నీ పొగచూరినట్టున్నాయి. మళ్లీ ఉతికి ఆరేసే వ్యవధి లేదు.

ఒక్కడివి మాత్రం మల్లెపువ్వుల్లా ఉన్నాయి. వాడు బానోతు శ్రీను. తొడుగుల్ని గదిలో ఫ్యాను కింద ఆరేసుకుని, పాలిథిన్ కవర్‌లో పెట్టుకుని వచ్చాడు. నర్సింహులపేట దగ్గరి ఒక తండా వాడు, లంబాడి. మా బ్యాచ్‌లో మంచి పొడగరి, నవ్వకుండా నవ్వించేవాడు. శాలువా కప్పించుకోబోయేవాడిలా వరసలో నిలబడ్డాడు.

ఉస్తాద్ వరస చూసుకుంటూ వచ్చి వాడి దగ్గర ఆగాడు.

"ఏంరా, నువ్వొక్కనివే పెండ్లికొడుకువా?"

"ఉస్తాద్, తెల్లగున్నా తప్పేనా?"

"తెల్లగుంటే తప్పు గాదు. నువ్వొక్కనివే తెల్లగుంటే తప్పు. నిన్ను జూసినంక గీళ్లందరివి మురికివి అని మంత్రికి తెలుస్తది. నీవి లేకుంటే పోలీసు తొడుగులు గిదే రంగు అనుకుంటడు."

శ్రీను తొడుగులు విప్పి, కింద మట్టిలో ఒకసారి అటూ ఇటూ రుద్ది, మళ్లీ వేసుకున్నాడు. మంత్రిగారు వందనం స్వీకరించి, వరస వెంట నడిచి, "బాగుంది" అని వెళ్లిపోయారు. తొడుగుల రంగు ఎవరూ అడగలేదు.

డ్రెస్ అందం కోసం కాదని నాకు ఆ రోజు అర్థమైంది. వరసలో ఏ ఒక్కడూ విడిగా కనపడకూడదు. కన్ను ఒక మనిషి మీద ఆగితే లాంఛనం చెడినట్టే. మంత్రయినా, శవమైనా, జెండా అయినా, కన్ను అక్కడికే పోవాలి.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర శ్రీను ఇంకో సంగతి చెప్పాడు. అప్పుడు దాన్ని కబుర్ల కింద విన్నాను.

"ఉస్తాద్ ఏం లెక్క రా! మా యాడి ముందట ఉస్తాద్ గూడ ఆగడు." యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. "నేను యూనిఫాం మీద పోతే వాకిట్లనే ఆపుతది. బూట్లు ఇప్పు, కాళ్లు కడుక్కో, అప్పుడు రా అంటది. ఓసారి జల్ది ఉన్నదని బూట్లతోని గడప దాటిన. కట్టె పట్టుకొని వాకిట్లకు ఎల్లగొట్టింది. తండంత జూసిండ్రు. నడుముకు పిస్తోలు ఉన్నది, ఏం ఫాయిదా?"

నిలబడటం

కథ మధ్యలో మీకు పనికొచ్చే నాలుగు ముక్కలు.

కవాతులో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు బలహీనులు కారు. మోకాళ్లు బిగించి, కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలో ఆగిపోతుంది. పిక్కల్లోని కండరం కదిలితేనే అది పైకి పోతుంది. బూటు లోపల వేళ్లు ముడుస్తూ, చాపుతూ ఉండండి. బయటికి కనపడదు. పొద్దున ఏమీ తినకుండా పోకండి. నీళ్లు ఎక్కువైతే ఇంకో రకం కష్టం; ఎంతో మీరే తెలుసుకుంటారు. ముక్కు మీద ఈగ వాలితే ఈగదే గెలుపు.

అధికారుల విషయం. నా పైన ఇద్దరు రిజర్వ్ ఇన్‌స్పెక్టర్లు, అంటే ఆర్‌ఐలు, పనిచేశారు. మొదటాయన డ్రెస్‌ను శిక్ష కోసం వాడుకునేవాడు. కోపం ఇంకెక్కడిదో, గుండీ మీద తీసేవాడు. ఆయన హయాంలో మా బట్టలు బాగుండేవి, మేం బాగుండేవాళ్లం కాదు. రెండో ఆయన చెడ్డవాడు కాదు. నిజాయితీపరుడు, పని తెలిసినవాడు. ఫొటోలంటే మాత్రం భయం. ఏ ఫోన్‌లో ఏ ఫొటో పడి పైవాళ్లకు పోతుందోనని ఎప్పుడూ పరేషాన్‌గా ఉండేవాడు. తర్వాత జరిగినదాంట్లో ఆయన కూడా ఉన్నాడు కాబట్టి ముందే చెప్తున్నాను: ఆయన మీద నాకు కోపం లేదు.

తండా దారి

శ్రీను, నేను, బ్యాచ్‌లో ఇంకొందరం, ఉస్తాద్ కూడా, తర్వాత మహబూబాబాద్ జిల్లాకు వచ్చాం. ఒక వేసవి చివర్లో శ్రీను డ్యూటీ దిగి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడు.

అధికారులు దవాఖాన దగ్గరే పూలమాలలు వేశారు. తుపాకులతో తండాకు పోయే పార్టీకి ఉస్తాద్ ఇన్‌చార్జి. శ్రీను మా బ్యాచ్ వాడు కాబట్టి అందరం మా బ్యాచ్ వాళ్లమే కావాలని అడిగి పోయాం. బస్సులో బూట్లు మళ్లీ మళ్లీ తుడుచుకున్నాం. చేతులకు ఇంకేం పని చెప్పాలో తెలియలేదు.

తండా రోడ్డు మీద నుంచి కాస్త లోపలికి ఉంది. ఎర్రమొరం నేల, మిట్టమధ్యాహ్నం ఎండ. పాడె సిద్ధంగా ఉంది. మేం వరస కట్టి వాకిట్లోకి పోబోతుంటే శ్రీను తల్లి ద్వాళమ్మ లేచి వచ్చి అడ్డం నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అయినా మాట గట్టిగానే ఉంది.

"బూట్లు ఇడ్వుండ్రి."

తండా పెద్ద ఒకాయన పక్కకు వచ్చి చెప్పాడు. "సార్, మా తండల పాడె కట్టిండ్రంటే మల్ల కాలవెట్టి తానం జేసేదాంక ఎవ్వరు చెప్పులు ఎయ్యరు. పెద్దోడు లేదు, చిన్నోడు లేదు. మా కట్టుబాటు."

ఉస్తాద్ నెమ్మదిగా అన్నాడు: "అవ్వా, యూనిఫాం మీద బూటు ఇప్పొద్దు. మాకు రూలున్నది."

"నా కొడుక్కు లేకుండెనా రూలు?" అన్నది ఆమె. "ఏండ్ల సంది అదే బట్టలు ఏసిండు. ఎన్నడన్న బూట్లతోని నా ఇంట్లకొచ్చిండా? మీరెందుకొస్తరు?"

కట్టె పట్టుకుని ఎల్లగొట్టిందన్న మాట నాకు గుర్తొచ్చింది. పక్కవాడికీ గుర్తొచ్చినట్టుంది, తల దించుకున్నాడు.

తండా పెద్ద మధ్యేమార్గం చూపించాడు. "మీరు రోడ్డు కాడనే నిలవడి కాల్చుండ్రి సార్. ఈడిదాంక చప్పుడు ఇనవడ్తది. అయిపోతది."

ఉస్తాద్ పక్కకు పోయి ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేశాడు. అవతలి గొంతు మాకూ వినబడింది. "బూట్లు విప్పి పరేడా? అందరి చేతుల్లో ఫోన్లున్నయ్ యాకయ్యా. దూరం నుంచే కానిచ్చి వచ్చెయ్."

"సరే సార్," అని ఉస్తాద్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కాసేపు పాడె వైపు చూశాడు. తర్వాత మా వైపు తిరిగాడు.

"దూరం నుంచి కాలిస్తే పిట్టలు లేస్తయి. గంతే. గది గౌరవం గాదు," అన్నాడు. "బూట్లు ఇప్పుండ్రి."

విప్పాం. ప్యాంటు అంచు మీద బిగించే యాంక్లెట్లు తీశాం. అప్పుడు చూసుకుంటే మా అవతారం ఘోరంగా ఉంది. ఒకడి ప్యాంటు నేల మీద జీరాడుతోంది, ఒకడిది పిక్క మీదికి ఎక్కింది. తుపాకులు, పతకాలు, గంజి పెట్టిన చొక్కాలు, కింద నానా రకాల కాళ్లు. చెరువులో దిగబోతున్న వాళ్లలా ఉన్నాం.

ఉస్తాద్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొదటివాడి ప్యాంటు అంచు చీలమండ పైన తన నాలుగు వేళ్లు ఆనించి మడిచాడు. తర్వాత రెండోవాడిది. అలా వరసంతా తానే మోకాళ్ల మీద జరుగుతూ, ప్రతి కాలు దగ్గర అవే నాలుగు వేళ్లు పెట్టి మడిచాడు. ఇన్నేళ్లలో ఆయన మా కాళ్ల దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి.

నా దగ్గర ఆగి తల ఎత్తాడు.

"ఏంది ఇంజినీర్ సాబ్, గీ గోళ్లు? కోడివా?"

తాళాల గుత్తికి ఉన్న నెయిల్ కట్టర్ నా చేతిలో పెట్టాడు. నాతోపాటు ఇంకొకడికీ అదే గతి పట్టింది. కత్తిరించుకున్నాం. అందరం బోరు దగ్గర కాళ్లు కడుక్కున్నాం.

"తుపాకి దించుతుంటే బట్టు చిటికెన ఏలు మీద వడ్తది, జర చూస్కోండ్రి. నేల కాలుతది. ఎవడు గూడ కాలు ఎత్తి కాలు పెట్టొద్దు. కాలితే శ్రీనుగాన్ని తల్సుకోండ్రి."

నేల నిజంగా కాలుతోంది. మొదటి అడుగుకే అరికాలు చురుక్కుమంది. వాకిట్లోకి పోయి వరస కట్టాం. ద్వాళమ్మ మా కాళ్ల వైపు చూసింది. ఒక్కొక్కరి కాళ్లూ చూసుకుంటూ వరస చివరిదాకా వచ్చింది. ఉస్తాద్ ఇన్‌స్పెక్షన్ కూడా అంత నిదానంగా జరగదు. చివరికి పక్కకు తప్పుకుని, వాళ్ల భాషలో ఆడవాళ్లకు ఏదో చెప్పింది.

పాడె లేచేసరికి అర్థమైంది. తండా ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి మా ముందు దారి మీద పోస్తూ నడిచారు. మా కాళ్లు కాలకుండా, కాష్ఠం దాకా. తడిసిన మొరం మీద మేం అడుగు కలిపి నడిచాం. ఎన్నో కవాతులు చేశాను గానీ బూటు చప్పుడు లేని కవాతు అదొక్కటే. అందరి అడుగూ ఒకేసారి పడుతోందని చెవికి తెలియదు. పక్కవాడి భుజం కదలికను బట్టి తెలుసుకోవాలి.

చితి దగ్గర శోక్ శస్త్ర్ చేశాం, అంటే తుపాకి తలకిందులు చేసి, పైకొచ్చిన బట్టు మీద చేతులు పెట్టి, తల వంచడం. గాల్లోకి కాల్పులు అయ్యాయి. శ్రీను టోపీ, బెల్టు మడిచి ఉస్తాద్ వాడి భార్య చేతిలో పెట్టాడు. తిరిగి వస్తూ దారి చూశాను. తడి మొరం మీద మా పాదాల జాడలు బారుకు బారు, వరసకు వరస, ఒకే ఎడంతో అచ్చుపోసినట్టున్నాయి. ఉస్తాద్ కూడా చూశాడు. డ్రిల్లులో వరస సూటిగా ఉండటాన్ని డ్రెస్సింగ్ అంటారు.

"డ్రెస్సింగ్ ఠీకున్నది," అన్నాడు.

ఫొటో

ఇన్‌స్పెక్టర్ భయపడ్డట్టే జరిగింది. మేం హెడ్‌క్వార్టర్‌కు చేరేలోపే ఫొటో చేరింది. పూర్తి యూనిఫాం, భుజాన తుపాకులు, కింద వట్టి కాళ్లు. కొందరు దండం పెట్టారు. కొందరు "పోలీసోళ్ల బూట్లు ఎవడు ఎత్తుకపోయిండు" అని రాశారు. రెండు రోజులకు ఉస్తాద్‌కు మెమో వచ్చింది. యూనిఫాం నియమాల ఉల్లంఘన, పైఅధికారి ఆదేశం పాటించకపోవడం.

ఆయన ఆ ఏడాది చివర్లో రిటైర్ కావాలి. అంతవరకు సర్వీసులో ఒక్క మెమో లేదు. మాకు తెలిసినంతలో ఆయన గొప్ప చెప్పుకునే సంగతి అదొక్కటే. ఆగస్టు పదిహేను కవాతుకు ప్లటూన్‌ను తయారుచేయడం ఆయన ఆఖరి పని కావాలి. మెమో తేలేదాకా దాని నుంచి తప్పించి కోత్ దగ్గర, అంటే తుపాకులు దాచే గది దగ్గర, గార్డు వేశారు. గ్రౌండ్‌లో మేం కొత్త ఉస్తాద్ కమాండ్ మీద తిరుగుతుంటే, ఆయన కోత్ మెట్ల మీద నిలబడి చూసేవాడు. ఎవడిదైనా అడుగు తప్పితే ఆయన గడ్డం కొంచెం పైకి లేచేది. అంత దూరం నుంచి కూడా మాకు కనపడేది, వెంటనే సరిచేసుకునేవాళ్లం.

"ఉస్తాద్, మేమందరం రాసిస్తం. మా ఇష్టంతోనే ఇప్పినమని," అన్నాను ఒకరోజు.

"మీ ఇష్టంతోని ఇప్పితే మీరు పోలీసులెట్లయితరు?" అన్నాడు. "నేను చెప్పిన, మీరు ఇన్నరు. డ్రిల్లంటే గంతే. నోరు మూస్కోని ఉండుండ్రి."

టోపీ

తప్పు చేసినవాళ్లను ఎస్పీ ముందు నిలబెట్టి విచారించేదాన్ని ఆర్డర్లీ రూమ్ అంటారు. లోపలికి పోయేటప్పుడు తప్పు మోపిన మనిషి టోపీ, బెల్టు తీసేయాలి. అది నియమం. సాక్షులుగా మమ్మల్నీ పిలిచారు. మేం టోపీలతో, బెల్టులతో నిలబడ్డాం. మా ముందు ఉస్తాద్, ఆ రెండూ లేకుండా. ఆయన జుట్టు అంత తెల్లగా ఉందని అప్పటిదాకా తెలియదు. బెల్టు లేకపోతే చొక్కా వదులై, ఎవరో ఊరి పెద్దమనిషిలా ఉన్నాడు.

ఎస్పీ మేడం ఫొటో పెద్దగా ప్రింటు తీయించి బల్ల మీద పెట్టుకుంది. పక్కన ఇన్‌స్పెక్టర్ నిలబడ్డాడు.

"బూట్లు తీయమన్నది ఎవరు?"

"నేనే మేడం."

"దూరం నుంచి కాల్చి రమ్మని మీ ఆర్‌ఐ చెప్పారా?"

"చెప్పిండ్రు మేడం."

"మరి?"

"దూరం నుంచయితే మేము పోవుడు ఎందుకు మేడం. ఆ తల్లి ఇంట్లకు ఆమె కొడుకే బూట్లతోని పోలె. మేము ఆమె కొడుకు కోసమే పోయినం."

"ఇంకోసారి అలాంటి చోటికి పోవాల్సి వస్తే ఏం చేస్తారు?"

అది తప్పించుకోవడానికి ఇచ్చిన దారి అని గదిలో అందరికీ తెలుసు. పొరపాటైంది మేడం అంటే అయిపోతుంది. ఒక హెచ్చరికతో వదిలేస్తారు. మేమందరం ఆయన ఆ మాట అనాలని మనసులో మొక్కుకుంటున్నాం.

"గిట్లనే చేస్తం మేడం," అన్నాడు ఉస్తాద్.

ఇన్‌స్పెక్టర్ కళ్లు మూసుకున్నాడు. మేడం ఫొటోను దగ్గరికి జరుపుకుని, వేలితో ఒక చివర నుంచి ఇంకో చివరకు గీత గీసినట్టు చూసింది.

"ప్యాంట్లు అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి."

"నాలుగు ఏళ్లు మేడం. చీలమండ మీదికెళ్లి."

"ఎవరి వేళ్లు?"

"నాయే. మనిషికో తీరు ఉంటయి గద మేడం. అందుకని అందరికి నేనే వెట్టిన."

"గోళ్లు?"

"చూసిన మేడం. ఇద్దరియి బాగలేకుండె. ఆడనే కత్తిరిపిచ్చిన."

"ఎవరివి?"

బూట్ల లోపల నా వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. ఉస్తాద్ మా వైపు తిరగలేదు.

"గుర్తు లేదు మేడం."

ఆయనకు గుర్తులేకపోవడం! మేడం మా వరసను ఒకసారి చూసింది. ఎవరి ముఖాలు ఎర్రబడ్డాయో ఆమెకు కనపడే ఉంటుంది. మూతి బిగించి నవ్వు ఆపుకుంది. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"ఆర్‌ఐ గారూ, నియమం తప్పినవాళ్లు ఇలా ఉండరు. ఇది మనం ఇంకా రాసిపెట్టుకోని డ్రెస్. రాసిపెట్టండి. చెప్పులు తీసే చోట్లకు పోయే పార్టీ ఎలా ఉండాలో, ఈయన్నే అడిగి."

"యస్ మేడం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ గొంతులో నాకు బాధ వినపడలేదు. పెద్ద బరువు దించుకున్నవాడి గొంతు అది. ఫొటో ఇక నియమం ప్రకారమే ఉంది కదా.

మేడం ఫైలు మూసింది.

"హెడ్ కానిస్టేబుల్, టోపీ పెట్టుకోండి."

బయట టోపీ, బెల్టు పట్టుకుని నిలబడ్డవాడు పరుగున తెచ్చి ఇచ్చాడు. ఉస్తాద్ బెల్టు బిగించుకున్నాడు. బకిల్ గుండీల వరసకు సూటిగా ఉందో లేదో బొటనవేలితో చూసుకున్నాడు. టోపీ పెట్టుకుని సెల్యూట్ చేశాడు. ఆయన నేర్పిన సెల్యూట్ ఎలా ఉండాలో మాకు ఆ రోజు తెలిసింది.

మర్నాటి నుంచి గ్రౌండ్‌లోకి వచ్చాడు. ఆ ఆగస్టు పదిహేనుకు మా ప్లటూన్ బాగా నడిచింది. ఇంకో సంగతి మాత్రం మేం అనుకోలేదు. శుక్రవారం ఇన్‌స్పెక్షన్‌లో బూట్లు చూశాక "ఇప్పుండ్రి" అని గోళ్లు కూడా చూడటం మొదలుపెట్టాడు. రాసిపెట్టమన్నారు కదా, రాసింది అమలు కావాలంటాడు. రిటైరయ్యేదాకా మమ్మల్ని వదల్లేదు.

గడప దగ్గర

తమ్ముళ్లూ, మీరు అడిగినదానికి జవాబు ఇంతే. లోపల ఎట్లుంటదంటే, ఎక్కువసేపు నిలబడి ఉంటది. పక్కవాడితో సమానంగా, మడిమ వెనక కూడా తుడుచుకుని. దాంట్లో ఏముందని అడిగేవాళ్లు ఉంటారు. మన ఇంటి వాకిట్లో అలా ఎవరైనా వచ్చి నిలబడ్డ రోజు వాళ్లకు తెలుస్తుంది. నేను ఆ పని వదిలేసింది దాని మీద విసుగుతో కాదు. చదివిన చదువుకు తగ్గ ఉద్యోగం వచ్చింది, ఇంటికి దగ్గర. ఇటు సంతోషమే, అటూ సంతోషమే.

మొన్న ఉస్తాద్ ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని ఫిర్యాదు వస్తే పోయాను. పని అయ్యేసరికి ఆయన పొలం నుంచి వస్తున్నాడు. ప్యాంటు పైకి మడిచి ఉంది, రెండు కాళ్లకూ ఒకే ఎత్తులో. మోకాళ్ల కింద అంతా బురద.

"ఏం ఇంజినీర్ సాబ్, కరెంటు ఇస్తివా? రా, చాయ్ తాగిపో."

గడప దగ్గర బూట్లు విప్పాను. లోపలికి పోబోతున్న ఉస్తాద్ ఆగి, కిందికి చూశాడు.

"ఏంది గవి?"

"వచ్చిన పిలగాన్ని కూసోనియ్యవా?" అని లోపల్నుంచి ఆయన భార్య కేకేసింది.

ఉస్తాద్ జేబులోంచి తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టాడు. నేను గడప ఇవతలే కూర్చుని, పది వేళ్లూ చూసుకుని, కాళ్లు కడుక్కుని లోపలికి పోయాను. చాయ్ ఇంకా వేడిగానే ఉంది.